ఏది ఉంచాలి, ఏది వదలాలి



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఊళ్లలో బొమ్మలు వేసే చేతులకు కొదవ లేదు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైనవాళ్లు ఉన్నారు. హైదరాబాదు పోయి ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న పిల్లలు ఉన్నారు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, దుకాణాల బోర్డులు డిజైన్ చేసుకుని బతుకుతున్నవాళ్లు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. వీళ్లు చేసిన పనిలో మంచిదాన్ని ఏరి, ఒక చోట చేర్చి, ఒక వరసలో పెట్టి, "ఇది ఎందుకు చూడాలంటే..." అని ఊరికి చెప్పే మనిషి మాత్రం దొరకడు. ఆ పని చేసేవాళ్లను క్యూరేటర్లు అంటారు. ఈనాటి కళను, డిజైనును అలా ఏర్చి కూర్చి చూపించడం ఎలాగో, మన సూర్యాపేట, నల్గొండ జిల్లాల్లో ఉంటూనే ఆ పని ఎలా నేర్చుకోవచ్చో ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను.

క్యూరేటర్ అనగానే మ్యూజియంలో తాళంచెవులు దగ్గర పెట్టుకున్న పెద్దమనిషి గుర్తొస్తాడు. వస్తువును కాపాడడం ఆ ఉద్యోగంలో ఇప్పటికీ పెద్ద భాగమే. అయితే కాపాడడానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వంద వస్తువుల్లో పదింటిని ఎంచుకోవాలి, అంటే తొంభైని వదలాలి. ఎంచుకున్న పదీ అందరి కళ్లలో పడతాయి, వదిలిన తొంభై ఎవరికీ కనిపించవు. ఈ విద్యలోని అసలు కష్టం ఆ తొంభై దగ్గరే ఉందని నేను నమ్ముతాను. ఉదాహరణ కోసం పారిస్, లండన్ దాకా పోనక్కర్లేదు. మిర్యాలగూడ పొలాలకు పారే నీళ్ల వెనకే ఉంది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లతోనే మిర్యాలగూడ వరి పండుతోంది, ఆ వరి మీదే అక్కడి మిల్లులు నడుస్తున్నాయి. హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలాలకూ ఆ కాలువే ఆధారం. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ జలాశయంలో మునిగింది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ. స్తూపాలు, విహారాలు, గుళ్లు, నదీతీరాన స్నానఘట్టం, మెట్లు మెట్లుగా కట్టిన రంగస్థలం, ఇవన్నీ అక్కడ ఉండేవి. ఆనకట్ట వస్తుందని తేలాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖవాళ్లు ఆ లోయను తవ్వారు.

ఒక్కసారి వాళ్ల స్థానంలో నిలబడి ఆలోచించండి. నీళ్లు వస్తున్నాయి. బయటపడ్డదంతా మోసుకుపోవడం ఎవరి తరమూ కాదు. ఏ కట్టడాన్ని విప్పి కొండ మీదికి చేర్చాలి? దేన్ని అనుపు దగ్గర ఒడ్డున మళ్లీ నిలబెట్టాలి? దేన్ని నదికి వదిలెయ్యాలి? కొన్ని కట్టడాలు నాగార్జునకొండ పైకి చేరాయి, ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య దీవి. రంగస్థలం అనుపుకు చేరింది. శిల్పాలు కొండ మీద 1966లో ఏర్పడ్డ మ్యూజియంలోకి వచ్చాయి. మిగిలింది కృష్ణమ్మ కింద ఉండిపోయింది.

లాంచీలో ఆ మ్యూజియానికి పోయినవాళ్లు ఎక్కువమంది బుద్ధుడి విగ్రహం చూసి, ఫొటో దిగి వచ్చేస్తారు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది అక్కడున్న లోయ నమూనా. మునిగిపోయిన ప్రదేశమంతా చిన్నది చేసి కళ్ల ముందు పెట్టారు. ఏ స్తూపం ఎక్కడుండేదో, కొండ ఎంత దూరమో, నది ఏ వంకన పారేదో ఇప్పటికీ చూడవచ్చు. తాము కాపాడలేనిదాన్ని వాళ్లు దాచలేదు. కొలతలు తీశారు, పటాలు గీశారు, నమూనా చేయించారు, కాపాడినవాటి పక్కనే పెట్టారు. ఎంచుకున్నవాళ్లు వదిలినదానికి జవాబు చెప్పడమంటే అదీ. నా దృష్టిలో తెలుగు నేల మీద ఇంతకు మించిన క్యూరేటర్ పాఠం లేదు.

ఈనాటి బొమ్మల ప్రదర్శనకు కూడా ఇదే వర్తిస్తుంది. పది మంది చిత్రకారుల దగ్గరికి వెళ్లి బొమ్మలు చూశారనుకోండి. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తీసుకున్నవాటిని ఒక పేజీలో రాయండి, వదిలినవాటిని ఎదుటి పేజీలో రాయండి. వదిలిన ప్రతిదానికీ ఒక కారణం రాయాలి. "బాగాలేదు" అన్నది కారణం కాదు. "ఇదే మాట పక్క బొమ్మ ఇంకా సూటిగా చెబుతోంది" అన్నది కారణం. "కాగితం పెళుసుబారింది, గోడకు వేలాడదీస్తే చిరుగుతుంది" అన్నది కారణం. "వేసినవాళ్లు నాకు చుట్టాలు, అందుకని మొహమాటపడ్డాను" అన్నది కూడా నిజమైతే రాసుకోవాల్సిందే. ఊళ్లో ప్రదర్శన పెట్టేవాళ్లకు ఆ మొహమాటమే మొదటి పరీక్ష.

ఇక కన్ను అలవడడం సంగతి. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్ పేరు కళారంగంలో తెలియనివాళ్లు ఉండరు. శాంతినికేతన్‌లో బొమ్మలు నేర్చుకున్న మనిషి. భార్య కమలా మిత్తల్‌తో కలిసి ఏళ్ల తరబడి చిత్రాలు, బట్టలు, లోహపు వస్తువులు సేకరించి, 1976లో ఆ సేకరణనంతా ఒక ట్రస్టు కింద మ్యూజియంగా మార్చారు. ఆ కాలంలో పెద్దగా ఎవరూ పట్టించుకోని దక్కనీ చిత్రాలను, ఊళ్లలోని పటాలను, కంచు బొమ్మలను ఆయన చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, పోల్చి చూసి ఎంచారు. ఆ చూపు పుస్తకాలతో మాత్రమే రాదు. సూర్యాపేటలో ఉన్నవాళ్లకు పిల్లలమర్రి దగ్గరే. 1208 నాటి ఎరకేశ్వరాలయం ముందు ఒక ఉదయం, ఒక సాయంత్రం కూర్చోండి. నునుపు పెట్టిన స్తంభం మీద ఎండ ఏ పక్క నుంచి పడితే చెక్కడం పైకి తేలుతుందో, ఏ పక్క నుంచి పడితే అణిగిపోతుందో చూడండి. ప్రదర్శనశాలలో లైటు ఎటు పెట్టాలన్న చదువు అక్కడ మొదలవుతుంది.

సూర్యాపేటకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఫణిగిరి ఉంది. ఆ కొండ మీది బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ చేరాయి. మెట్రోపాలిటన్ మ్యూజియంలో జులై 21 నుంచి నవంబరు 13 దాకా మన దేశపు తొలినాటి బౌద్ధ కళ మీద పెద్ద ప్రదర్శన జరిగింది. ఎంపిక చేసిన క్యూరేటర్ జాన్ గై. అక్కడ పెట్టిన 125కు పైగా వస్తువుల్లో ఫణిగిరి తోరణం తాలూకు రాయి కూడా ఉంది. ఆ తర్వాత ప్రదర్శన దక్షిణ కొరియా రాజధాని సోల్‌కు వెళ్లింది. మన పేపర్లు గర్వంగా రాశాయి, రాయాల్సిందే. నాకు మాత్రం ఆ రాయి ఎలా వెళ్లిందన్నది కూడా చెప్పాలని ఉంది.

ఇలాంటి వస్తువు కదలాలంటే ప్రభుత్వాల అనుమతులు కావాలి, బీమా కావాలి, కొలతకు తగిన చెక్కపెట్టె కావాలి. అన్నింటికన్నా ముందు ఒక కాగితం కావాలి. పెట్టెలో పెట్టేముందు వస్తువును నలువైపులా ఫొటోలు తీస్తారు. ఎక్కడ గీత ఉంది, ఎక్కడ పెచ్చు లేచింది, పాత అతుకు ఎక్కడుంది అన్నీ ఆ కాగితంలో రాస్తారు. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు ఇద్దరూ సంతకం పెడతారు. అటు దిగాక పెట్టె తెరిచి మళ్లీ అదే కాగితంతో పోల్చి చూస్తారు. తిరిగొచ్చేటప్పుడూ అంతే. క్యూరేటర్ జీవితంలో సగం ఈ కాగితాలే. కోదాడలో ఒక కుర్రాడి దగ్గర రెండు నీటిరంగుల బొమ్మలు వారం రోజులకు అడిగి తెచ్చుకున్నా ఆ కాగితం రాయాల్సిందే. ఆ కుర్రాడికి ఆ బొమ్మలు తోరణం రాయి కంటే తక్కువేం కాదు.

ఫణిగిరి శిల్పి పేరు మనకు తెలియదు, ఆయన వచ్చి అభ్యంతరం చెప్పడు. ఈనాటి కళ దగ్గర తేడా అదే. చేసినవాళ్లు బతికి ఉంటారు. "నా బొమ్మ ఆ మూలన ఎందుకు పెట్టారు?" అని అడుగుతారు, అడగాలి కూడా. 1969లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో హెరాల్డ్ జీమన్ అనే క్యూరేటర్ కళాకారులను పిలిచి, తయారైన బొమ్మలు తెమ్మనకుండా, అక్కడికే వచ్చి పని చేసుకోమన్నాడు. ఊరు మండిపడింది. ఆయన ఆ ఉద్యోగం వదులుకున్నాడు. కానీ క్యూరేటర్ అంటే కళాకారుడితో కలిసి ఆలోచించే మనిషి అన్న పద్ధతి ఆ ప్రదర్శనతో బలపడింది. మన దక్షిణాదిలో 2012 డిసెంబరు 12న కొచ్చి ముజిరిస్ బిన్నాలె అనే కళాప్రదర్శన మొదలైంది. మొదలుపెట్టింది కళాకారులే, బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము. పాత గోదాములే అక్కడ ప్రదర్శనశాలలు. 2014 నుంచి దానితోపాటు విద్యార్థుల బిన్నాలె కూడా జరుగుతోంది. అందులో చిన్న వయసు క్యూరేటర్లు ఆర్ట్ కాలేజీలకు తిరిగి, విద్యార్థుల పని చూసి, వాళ్లతో మాట్లాడి ఎంపిక చేస్తారు. పాత గోదాములు అంటే మిర్యాలగూడవాళ్లకు వేరే చెప్పాలా?

డిజైన్ విషయానికి వస్తే మన ఉమ్మడి నల్గొండ జిల్లా ఎవరికీ తీసిపోదు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి నేతగాళ్లలో గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలును నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, ఆ తర్వాత కట్లు కట్టి రంగులు అద్దుతారు. ఎరుపు, నలుపు, తెలుపు. ఆ బట్టను గాజుపెట్టెలో పెడితే నూనె వాసన చచ్చిపోతుంది. నేనైతే బట్టను పెట్టెలోనే ఉంచి, ఒక నూలు చిలప బయట పెట్టి, వచ్చినవాళ్లను ముట్టుకోనిస్తాను, వాసన చూడనిస్తాను.

ఆసు యంత్రం సంగతి ఇంకా ముఖ్యం. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి ఆసు పోసేది. అర్ధచంద్రాకారంలో బిగించిన పుల్లల చుట్టూ దారం తిప్పుతూ, ఒక చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే భుజం లేవదు. తల్లి బాధ చూడలేక ఆయన ఏళ్ల తరబడి కుస్తీపట్టి, 1999లో ఆ పని చేసే యంత్రం తయారు చేశాడు. తల్లి పేరు మీదే లక్ష్మి ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. దీన్ని ప్రదర్శనలో ఎలా చూపించాలి? యంత్రం ఒక్కటే పెడితే వచ్చినవాళ్లకు ఇనుము, మోటారు కనిపిస్తాయి. పాత ఆసు చట్రం పక్కన పెట్టండి. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి వంద సార్లు దారం తిప్పించండి. భుజం పీకడం మొదలయ్యాక యంత్రం వైపు తిప్పండి. ఆ తర్వాత చీర చూపించండి. వస్తువులు అవే, వరస మారితే అర్థం మారుతుంది. వరస కుదర్చడమే క్యూరేటర్ చేతిలో ఉన్న గొప్ప పరికరం.

ఇంకో మాట. పాతవి అరువు తెచ్చి పెట్టడమే ప్రదర్శన అనుకోవద్దు. 1980లలో మార్తాండ్ సింగ్ "విశ్వకర్మ" పేరుతో చేనేత ప్రదర్శనలు చేసినప్పుడు నేతగాళ్ల చేత కొత్తగా నేయించి పెట్టారు. నేతకు పని దొరికింది, మరిచిపోతున్న పనితనం మళ్లీ చేతుల్లోకి వచ్చింది. ప్రదర్శన అయిపోయాక కూడా మిగిలేది అదే.

మన మూడు ఊళ్లలో ఏం చెయ్యవచ్చో నాకు తోచింది చెబుతాను.

మిర్యాలగూడలో బియ్యం సంచులు. 25 కిలోల సంచి మీద నెమలి, గులాబీ, దేవుడు, మిల్లు పేరు, రంగురంగుల అక్షరాలు ఉంటాయి. అది గ్రాఫిక్ డిజైన్ కాదా? గోనె సంచి మీద స్టెన్సిల్ పెట్టి వేసిన గుర్తుల నుంచి ఈనాటి సంచుల దాకా ఒక గోడ నిండా వరస పెట్టవచ్చు. ఆ బొమ్మ ఎవరు గీశారు, ఎక్కడ అచ్చు వేశారు, కొనేవాళ్లు బొమ్మ చూసి సంచి గుర్తుపడతారా అని మిల్లులో అడిగి రాయవచ్చు.

సూర్యాపేట పల్లెల్లో 1946-51 సాయుధ పోరాటపు అమరవీరుల స్తూపాలు ఉన్నాయి. వాటిని కట్టిన మేస్త్రీలు, పేర్లు చెక్కినవాళ్లు, ఏటా ఎర్రరంగు వేసేవాళ్లు ఉన్నారు. ఫొటోగ్రాఫర్లు ఆ పని చేపట్టవచ్చు.

కోదాడలో మాత్రం ఆలస్యం చేయడానికి లేదు. హైదరాబాదు, విజయవాడ మధ్య జాతీయ రహదారి మీద ఉన్న ఊరు కాబట్టి బోర్డులు రాసే ఆర్టిస్టులకు ఒకప్పుడు చేతినిండా పని ఉండేది. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ పని పోయింది. మనుషులు మాత్రం ఇంకా ఉన్నారు. దారానికి సుద్ద పూసి, రెండు కొసలా పట్టుకుని చటుక్కున వదిలితే గోడ మీద గీత పడుతుంది. ఆ గీతల మధ్య చదును కుంచెతో ఎనామిల్ పెయింటు ముంచి అక్షరం మొదలుపెడతారు. తలకట్టు ఒక్క విసురులో రావాలి. ఒత్తు కింది గీతను దాటకూడదు. ఆఖర్న ఒక పక్క నీడ గీస్తే అక్షరం గోడ మీంచి లేచి వస్తుంది. ఒక్కో ఆర్టిస్టుది ఒక్కో "శ్రీ". దుకాణం చూసి ఎవరు రాశారో చెప్పగలిగేవాళ్లు ఉండేవారు. ఆ పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి అ నుంచి క్ష దాకా రేకు మీద రాయించండి. రోజు కూలీ ఇచ్చి రాయించండి. వాళ్లు రాస్తుండగా వీడియో తీయండి. కంప్యూటర్‌లో ఫాంట్లు తయారుచేసే కుర్రాళ్లను వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఇది ఈ ఏడాది కాకపోతే తర్వాత చెయ్యలేని ప్రదర్శన.

డబ్బు మాట దాచకూడదు. "మీకు పేరొస్తుంది కదా" అని కళాకారుడిని ఊరికే అడగడం తప్పు. గోడకు సున్నం వేసిన మనిషికి కూలీ ఇస్తాం, టెంటువాళ్లకు అడ్వాన్సు ఇస్తాం, బొమ్మ ఇచ్చినవాళ్లకు శాలువా కప్పి పంపుతాం. ఎంత చిన్న మొత్తమైనా ముందే చెప్పి, కాగితం మీద పెట్టి ఇవ్వాలి.

పనిలో పనిగా నాలుగు సాంకేతిక విషయాలు. బట్టలకు, కాగితం మీది బొమ్మలకు వెలుతురు ఎక్కువైతే రంగు పోతుంది, మ్యూజియంలు 50 లక్స్‌కు మించనివ్వవు. కిటికీలోంచి నేరుగా ఎండ పడే గోడను వదిలెయ్యండి. చీరకు మేకు కొట్టకండి, పైఅంచున గుడ్డ గొట్టం కుట్టి అందులో కర్ర దూర్చి వేలాడదీయండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే పెద్దవాళ్ల కంటికి సరిపోతుంది, బడిపిల్లలు ఎక్కువగా వస్తారనుకుంటే దించండి. వస్తువు పక్కన పెట్టే రాత అచ్చుకు పంపేముందు, బొమ్మల సంగతి తెలియని ఒకరికి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ ఆగి "అంటే?" అని అడిగితే అక్కడ మళ్లీ రాయండి. తెలుగు పెద్ద అక్షరాల్లో ఉండాలి.

కోర్సులు లేకపోలేదు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో సమకాలీన కళ క్యూరేటింగ్‌కు 1992 నుంచే ప్రత్యేక చదువు ఉంది. బరోడా ఎం.ఎస్. విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ విభాగం 1952 నాటిది. హైదరాబాదులో 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది. వీలున్నవాళ్లు తప్పకుండా చదవండి. కానీ సీటు వచ్చేదాకా ఆగకండి. మాదాపూర్ స్టేట్ గ్యాలరీలో ప్రదర్శన దించేరోజు వెళ్లి, సాయం చేస్తామని అడగండి. ఎక్కించేటప్పటి కంటే దించేటప్పుడే పని లోగుట్టు ఎక్కువ తెలుస్తుంది.

మిల్లు యజమానులకు, కాలేజీ ప్రిన్సిపాళ్లకు, ఫంక్షన్ హాళ్లవాళ్లకు నా విన్నపం ఒక్కటే. పని లేని వారం ఒకటి చూసి ఒక గది, ఒక గోడ ఈ పిల్లలకు ఇవ్వండి. గోడ దొరికిన పిల్లలకు కూడా ఒక మాట. ఆహ్వాన పత్రిక మీద ముఖ్య అతిథి పేరు వేసేముందు, ప్రతి వస్తువు పక్కన చేసినవాళ్ల పేరు, ఊరు రాశారో లేదో చూసుకోండి. రాశాక వాళ్లకు చూపించి, ఒప్పుకున్నాకే తలుపులు తెరవండి.